పేర్లు అడగని సర్వే

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఊళ్ళ వెంట తిరిగి, జనాల గుమ్మాల ముందు నిలబడి, "ఇంట్లో ఎంతమంది ఉంటారండి?" అని అడిగి బతికినదాన్ని నేను. రాజమండ్రిలో ఒక పరిశోధన కేంద్రంలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరి, ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. పెద్ద ఉద్యోగమేం కాదు. కానీ ఆ పనిలో నన్ను మించినవాళ్ళు రెండు గోదావరి జిల్లాల్లోనూ లేరని అప్పుడూ అనుకునేదాన్ని, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఈమధ్య మా కేంద్రంలో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, "మేడమ్, మీ సర్వీసులో మీకు బాగా గర్వంగా అనిపించింది ఏదైనా రాసివ్వండి" అన్నారు. రాస్తాను. కానీ అందులో నేను చేసిన ఒక తెలివితక్కువ పని కూడా ఉంది. అది దాచిపెట్టి మిగతాది చెప్పడం నా వల్ల కాదు.

ముందు మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. సర్వేకని పంపితే కొందరు టీ కొట్లో కూర్చుని కాగితాలు నింపేసి వచ్చేస్తారు. వాళ్ళని పట్టుకోవడానికి సూపర్‌వైజర్ కొన్ని ఇళ్ళకి మళ్ళీ వెళ్ళి, "మావాళ్ళు నిజంగా వచ్చారా? ఇవే అడిగారా?" అని కనుక్కోవాలి. దీన్నే బ్యాక్‌చెక్ అంటాం. అది చెయ్యాలంటే ఏ కాగితం ఏ ఇంటిదో తెలియాలి కదా. అందుకని నా సంచిలో ఎప్పుడూ ఒక రూళ్ళ నోట్‌బుక్కు ఉండేది. వానొచ్చినా వరదొచ్చినా అందులో ఒక్క గడి ఖాళీగా వదిలేదాన్ని కాదు. నా నోట్‌బుక్కులు ముట్టుకోవడానికి మా ఆయనకి కూడా భయమే.

రిటైర్మెంటుకి ఏడాదిన్నర ముందు మాకు రొయ్యల ప్లాంటు సర్వే వచ్చింది. భీమవరం అవతల ఒక ప్లాంటు. చెరువుల నుంచి వచ్చిన రొయ్యకి తల తీసి, పొట్టు వలిచి, ఐసులో సర్ది విదేశాలకి పంపుతారు. చేసేది దాదాపు అంతా ఆడవాళ్ళే. పొద్దస్తమానం క్లోరిన్ కలిపిన చల్లటి నీళ్ళలో చేతులు, చుట్టూ కోల్డ్ రూములు చల్లబరిచే అమోనియా గ్యాసు గొట్టాలు. వాళ్ళ ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవడం మా పని.

పొద్దున్నే కంపెనీ వ్యాను ఊరి మలుపుల్లో ఆగి వాళ్ళని ఎక్కించుకుపోతుంది. అక్కడ ఎవర్నీ పనిలోంచి తీసేశామని చెప్పరు. కాగితం ఇవ్వరు, ఒక్క మాట అనరు. మర్నాడు వ్యాను ఆ మనిషి ముందు ఆగకుండా వెళ్ళిపోతుంది, అంతే. "ఫలానావిడకి వ్యాను ఆగలేదంట" అంటే ఊళ్ళో అందరికీ అర్థమైపోతుంది.

అలాంటి చోట నేను మామూలుగా ఫారాలు పట్టుకుని వెళ్ళాను. "ఆయ్, బాగానే చూస్తారండి. ఏం ఇబ్బంది లేదండి" అన్నారు అందరూ. చేతులు చూపించమంటే కొంగులో దాచేసుకున్నారు. సరే, ముఖం చూసి మొహమాటపడుతున్నారేమో అని ఆన్‌లైన్‌లో ఫారం పెట్టి, ఆ లింకు వాట్సాప్‌లో పంపాం. రెండు రోజుల్లో కుప్పలు తెప్పలుగా జవాబులొచ్చాయి. నేను మురిసిపోయాను. తీరా చదివితే అన్నీ ఒకే జవాబు, అక్షరం పొల్లు పోకుండా. లింకు ఎవరో ప్లాంటులో వాళ్ళ చేత పని చేయించే మేస్త్రికి పంపారు. అతను అందరినీ వ్యానులో కూర్చోబెట్టి తన కళ్ళ ముందే నింపించాడు.

అప్పుడు మా కంప్యూటర్ ఆయన రంగంలోకి దిగారు. సామర్లకోట నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. నలభై దాటిన మనిషి, మహా పొదుపుగా మాట్లాడేవారు. ఏదడిగినా "చూద్దామండి" అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఆ రోజు మాత్రం నా ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుని, తనంతట తనే మాట్లాడారు.

"మేడమ్, వాళ్ళలో చాలామంది వాడేది ప్లాంటు రెస్ట్ రూములో ఉన్న కంపెనీ వైఫై. ఎవరు ఏ సైటు తెరిచారో కంపెనీకి తెలుస్తుంది. మనకొచ్చే జవాబు వెనక కూడా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆనవాలు ఉంటుంది. ఆ ఆనవాలే లేకుండా పంపే నెట్‌వర్కు ఒకటుంది."

"అదేంటండీ?"

"మీరు కొవ్వూరులో ఒక కవరు ఒకాయనకిచ్చారనుకోండి. ఆయన రాజమండ్రి స్టేషన్లో ఇంకొకాయనకిస్తాడు. ఆయన సామర్లకోటలో మూడో ఆయనకిస్తాడు. మూడో ఆయన నాకు తెచ్చిస్తాడు. మొదటాయనకి మీరు తెలుసు, నేను తెలియదు. మూడో ఆయనకి నేను తెలుసు, మీరు తెలియదు. మధ్యలో ఆయనకి ఇద్దరమూ తెలియదు. ఇది కూడా అంతే. కాకపోతే స్టేషన్ల బదులు దేశాలు."

నాకు వెంటనే అర్థమైంది, వెంటనే కోపమూ వచ్చింది. "మరి బ్యాక్‌చెక్?" అన్నాను. ఉండదన్నారు. పేరు అడగం, ఊరు అడగం. దొంగ జవాబులు రాకుండా ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇస్తాం, దాని మీద నంబరు ఒక్కసారే పనిచేస్తుంది, మేస్త్రి కూర్చుని ఇరవై నింపలేడు. ఇంటి దగ్గర, సొంత డేటా మీద, ఆ నెట్‌వర్కు యాప్ వేసుకుని, జవాబు రాసి, యాప్ తీసెయ్యాలి. "చీటీ ఇచ్చాక మీరు మర్చిపోవాలి మేడమ్" అన్నారు. నేను తలూపాను.

ఊపడమైతే ఊపాను. సెలవు రోజుల్లో ఇంటింటికీ వెళ్ళి, ఆడవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్లో యాప్ ఎలా వెయ్యాలో, ఎలా తియ్యాలో నేర్పాను. మొదట్లో నాకే చేతకాక నవ్వులపాలయ్యాను. ఒకమ్మాయి "మేడమ్‌గారండీ, ఇలా ఇవ్వండి, నేను చూపిస్తాను" అని నాకే నేర్పింది. చీటీ చేతికిచ్చి బయటికొచ్చాక, వీధి మలుపులో ఆగి నోట్‌బుక్కు తీసి రాసుకునేదాన్ని. పేర్లు రాయలేదు, అది నిజం. "పచ్చ గేటు", "కుళాయి పక్క", "గేదెల పాక ఎదురు" అని గుర్తులు రాసి, పక్కన చీటీ నంబరు వేసేదాన్ని. పేర్లు వద్దన్నారు, నేను పేర్లు రాయట్లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి నా సర్వీసులో లేదు.

జవాబులొచ్చాయి. ఈసారి ఒకటిలాగ ఒకటి లేదు. గోళ్ళు ఊడిపోతున్నాయని ఒకరు, బాత్రూముకి వెళ్ళాలంటే తాళం అడుక్కోవాలని ఒకరు. నేనూ కంప్యూటర్ ఆయనా తెర ముందు కూర్చుని చదువుతున్నాం. నలభై ఒకటో నంబరు చీటీ జవాబు ఇది: "గ్యాసు వాసన వచ్చిన రోజు నుంచి మెట్లెక్కితే ఊపిరాడట్లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే వ్యాను ఆగదు."

నా ప్రాణం ఉసూరుమంది. "అయ్యో, ఈవిడా? ఆ రోజు నాకు మజ్జిగ ఇచ్చిందండి పాపం. ఒకసారి ఇంటికెళ్ళి చూసొస్తాను" అన్నాను.

ఆయన కీబోర్డు మీంచి చెయ్యి తీసేశారు. "ఏ ఇంటికి మేడమ్?"

"పచ్చ గేటు ఇంటికి" అన్నాను. అన్నాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు.

ఆయన మెల్లగా, "మూడు దేశాలు తిప్పి దాచాం మేడమ్. మీరు సంచిలో వేసుకు తిరుగుతున్నారు" అన్నారు.

నేను ఎగిరిపడ్డాను. నా సంచి ఎవరు చూస్తారన్నాను, నేనేమైనా మేస్త్రికి చెప్పే రకంలా కనిపిస్తున్నానా అన్నాను. నాకు నోరెక్కువని ఆఫీసులో ఎలాగూ పేరుంది, ఆ రోజు ఆ పేరు నిలబెట్టుకున్నాను. ఆయన అంతా విని, "మీరు చెప్పరు. నాకు తెలుసు. కానీ మిమ్మల్ని అడిగేవాళ్ళు వస్తారు" అన్నారు. నోట్‌బుక్కు తగలబెట్టమన్నారు. ఫీల్డ్ రికార్డు చించడమంటే నా దృష్టిలో పసిపిల్లని కొట్టడంతో సమానం. రేపు, ఎల్లుండి అంటూ పది రోజులు గడిపేశాను.

ఈలోగా డైరెక్టరు గారు, ప్లాంటు వాళ్ళ మాట కూడా వినడం న్యాయమని, మా ముసాయిదా రిపోర్టు వాళ్ళకి పంపారు. ప్లాంటు ఓనరు గారు స్వయంగా వచ్చారు. తాతల నాటి నుంచి భూములున్న కుటుంబం, వరి మానేసి చెరువులు తవ్వి, చెరువుల మీద ప్లాంటు పెట్టారు. అరవై దాటిన మనిషి. తెల్లబట్టలు, చాలా మర్యాద. ఆయన్ని చెడ్డవాడని నేను అనను.

"అమ్మా, ఇందులో ఉన్నది నిజమైతే దిద్దుకోవాల్సింది మేమే, కాదనను" అన్నారు. "కానీ ఇవి మా ఆడవాళ్ళే రాశారని ఏంటండి గ్యారంటీ? మేమంటే పడనివాళ్ళు రాసుండొచ్చు. తప్పుగా అనుకోకండి, మీరే ఆఫీసులో కూర్చుని రాసుండొచ్చు."

ముప్ఫై ఏళ్ళలో నన్ను ఆ మాట అన్నవాళ్ళు లేరు. "నేనా? కూర్చుని రాశానా? ఏ చీటీ ఏ గుమ్మంలో ఇచ్చానో ప్రతిదీ నా దగ్గర రాసుందండి" అన్నాను.

కంప్యూటర్ ఆయన కళ్ళు మూసుకున్నారు. ఓనరు గారు మాత్రం తేరుకుని, "ఇంకేం మరి. అది చూపించండి, నేను నమ్ముతాను" అన్నారు. డైరెక్టరు గారి మొహం వెలిగింది. పాపం, ఆయనకి అందులో చిక్కు విప్పే దారి కనబడింది.

"చూపించనండి" అన్నాను.

ఓనరు గారు నవ్వి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక డైరెక్టరు గారు తలుపు వేసి, "అది మీ సొంత పుస్తకం కాదు మేడమ్, కేంద్రం రికార్డు. రేపు పొద్దున్న నా టేబుల్ మీద ఉండాలి" అన్నారు. మంచి మనిషే. ఆయన మీదా ఒత్తిడి ఉంది.

అప్పటికి మధ్యాహ్నం కూడా కాలేదు. సగం రోజు సెలవు రాసిచ్చి కొవ్వూరులో మా ఇంటికని బస్సెక్కాను. సంచి ఒళ్ళో పెట్టుకున్నాను, రెండు చేతులతో పట్టుకున్నాను. పుస్తకం చూపిస్తే నా నిజాయితీ నిలబడుతుంది, రిపోర్టు అచ్చవుతుంది, పచ్చ గేటు ఆవిడకి వ్యాను ఆగదు. చూపించకపోతే దొంగ సర్వే చేసినదానిగా రిటైరవుతాను. గోదావరి బ్రిడ్జి దాటేదాకా నేను మొదటిదాని వైపే ఉన్నాను, అబద్ధమెందుకు. బ్రిడ్జి దిగాక, ఆ నలభై ఒకటో ఆవిడ నన్ను నమ్మి రాసిందా, నెట్‌వర్కుని నమ్మి రాసిందా అని ఆలోచించాను. ఆవిడకి నెట్‌వర్కేం తెలుసు? చాప వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నా మొహం చూసి నమ్మింది.

ఇంటికెళ్ళి పెరట్లో నీళ్ళకాగు కింద పుల్లలు పేర్చి వెలిగించాను. మా ఆయన కంగారుగా వచ్చి, "మిట్టమధ్యాహ్నం ఎండలో వేణ్ణీళ్ళేంటే? ఒంట్లో బాగోలేదా?" అన్నారు. నా చేతిలో నోట్‌బుక్కు చూసి ఇంకేం అడగలేదు. ఒక్కసారి తెరిచి చూద్దామని వేళ్ళు తహతహలాడాయి. తెరిస్తే బట్టీపట్టేస్తానని తెలుసు, తెరవకుండానే మంటలో పెట్టాను. ఏడ్చాను కూడా. పుస్తకం కోసం ఏడ్చానో, నా పేరు కోసం ఏడ్చానో ఇప్పుడు చెప్పలేను. మా ఆయన పీట వేసుకుని పక్కన కూర్చున్నారు. ఆ నీళ్ళు వృథా ఎందుకని చివరికి ఆయనే స్నానం చేశారు.

మర్నాడు డైరెక్టరు గారికి జరిగింది చెప్పాను. ఫీల్డ్ రికార్డు నాశనం చేసినందుకు మెమో ఇచ్చారు. నా సర్వీసులో అదే మొదటిది, అదే ఆఖరిది. సీటు దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ ఆయన టీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. అంతకుముందు ఎప్పుడూ ఆయన ఎవరికీ టీ తెచ్చిన మనిషి కాదు.

"పుస్తకం కాలింది గానీ పచ్చ గేటు నా తలలో ఉండిపోయిందండి. దాన్నేం చెయ్యను?" అన్నాను.

"చూద్దామండి" అన్నారు. ఆ రోజు ఆ మాటకి నాకు కోపం రాలేదు.

రెండు రోజులు ఆలోచించి దారి కనిపెట్టింది మాత్రం నేనే. ఇది గర్వంగానే చెప్పుకుంటాను. ఇన్నేళ్ళూ నేను చూసుకున్నది ఏ కాగితం ఎవరిదో తెలియాలని. ఇప్పుడు కావాల్సింది వేరు. కాగితాలన్నీ ఆ ప్లాంటు వాళ్ళ చేతికే వెళ్ళాయని అందరికీ తెలియాలి, ఏది ఎవరి చేతికి వెళ్ళిందో ఒక్కరికీ తెలియకూడదు. డైరెక్టరు గారి ముందే ఓనరు గారికి ఫోన్ చేశాను.

"మొత్తం మళ్ళీ చేస్తామండి. కొత్త చీటీలు మడిచి బిందెలో పోసి మీ గేటు దగ్గర పెడతాను. షిఫ్టు మారేటప్పుడు మీ కార్డు మెడలో ఉన్న ప్రతి మనిషీ ఒక్కటి తీసుకుంటుంది. బయటివాళ్ళు ఎవరూ చెయ్యి పెట్టకుండా మీరే పక్కన నిలబడి చూసుకోండి. రాసేవాళ్ళు రాస్తారు, పారేసేవాళ్ళు పారేస్తారు."

ఆయన "అందరూ తీసుకోవాలా?" అన్నారు.

"అందరూనండి. ఒక్కరు మానేసినా మిగతావాళ్ళ మీద కన్ను పడుతుంది."

"సరేనమ్మా, రండి" అన్నారు. తనవాళ్ళు తన గురించి చెడు రాయరని ఆయనకి నిజంగానే నమ్మకం.

యాప్ ఎలా వెయ్యాలో చీటీల వెనక అచ్చు వేయించి, మా ఇంట్లో స్టీలు బిందెలో పోసి తీసుకెళ్ళాను. మూతి ఇరుకు, చెయ్యి దూరుతుంది గానీ లోపలేముందో కనబడదు. గేటు బయట బల్ల మీద పెట్టి ఒక పక్క నేను, ఒక పక్క ఓనరు గారు నిలబడ్డాం. మేస్త్రి కొంచెం దూరంలో నిలబడి ఎవరి మొహం ఎలా ఉందో చూస్తున్నాడు. ఆరు వందల మందికి పైగా ఆడవాళ్ళు తలకి టోపీలతో వరసగా వచ్చారు. బిందెలోకి దూరిన ప్రతి చెయ్యీ చూశాను. నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడిన వేళ్ళు. ఇన్నాళ్ళూ కొంగుల్లో దాచుకున్న చేతులవే. నా పక్కనే ఓనరు గారు కూడా చూశారు.

ఒక పెద్దావిడ ఆగి, "ఇదేమన్నా లాటరీయా అమ్మగారండి?" అంది. కాదమ్మా అన్నాను. "మరైతే నాకెందుకండి?" అంది. "తీసుకుని పొయ్యిలో పడేసినా పర్లేదు, తీసుకో" అన్నాను. "ఆయ్, అలాగైతే రెండియ్యండి" అనేసరికి వరసంతా నవ్వింది. పచ్చ గేటు ఆవిడ కూడా వచ్చింది. నావైపు చూడలేదు, నేనూ చూడలేదు. చీటీ తీసుకుని వెళ్ళిపోయింది.

మొదటి రోజు ఒక్క జవాబూ రాలేదు. రెండో రోజూ రాలేదు. కంప్యూటర్ ఆయన తెర ముందు నుంచి లేవలేదు, నాకు అన్నం సయించలేదు. అందరి చేతా చీటీ తీయించి భయపెట్టేశానేమో, మొదటిసారి రాసినవాళ్ళు కూడా వెనక్కి తగ్గారేమో అనుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఆయన "మేడమ్" అని పిలిచారు. ఒకటి వచ్చింది. మేం చూస్తుండగానే ఇంకొకటి. వారం తిరిగేసరికి మొదటిసారికి రెట్టింపు దాటాయి. నంబర్లన్నీ మా బిందెలోవే, ఏ నంబరూ నాకు ఏ ఇంటినీ గుర్తు చెయ్యలేదు.

ఓనరు గారు మళ్ళీ వచ్చారు. డైరెక్టరు గారి గదిలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. మధ్యలో మంచినీళ్ళు అడిగారు. ఇవి ఎవరు రాశారన్న మాట ఈసారి ఆయన నోటి వెంట రాలేదు, చీటీలు తీసింది ఎవరో తన కళ్ళతో చూశారు కదా. చివరికి ఒక కాగితం విడిగా తీసి నా ముందు పెట్టారు. ఊపిరాడట్లేదని రాసినవాళ్ళు నలుగురున్నారు అందులో.

"అమ్మా, శిక్షించడానికి అడగట్లేదు. మా మనవరాలి మీద ఒట్టు. ఈ నలుగురూ ఎవరో చెప్పండి. రేపే నా కార్లో ఆసుపత్రికి తీసుకెళ్తాను. ఖర్చంతా నాది."

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. నేను నమ్మాను. ఆ క్షణంలో తెలిసుంటే చెప్పేసేదాన్నే. చెప్పనని మొండికెయ్యడం నాకు చేతనవును గానీ, జాలిపడ్డ మనిషి ముందు మొండితనం ఎంతసేపు నిలబడుతుంది?

"నాకు తెలియదండి" అన్నాను. పచ్చ గేటు ఆవిడ ఈసారి రాసిందో లేదో, ఆ నలుగురిలో ఉందో లేదో కూడా నాకు నిజంగానే తెలియదు.

"ఈయనకి తెలుసా?" అని కంప్యూటర్ ఆయన్ని చూపించారు.

"నాకూ తెలియదండి" అన్నారాయన.

"మరి నేనెవరికి వైద్యం చేయించను?"

"అందరికీ చేయించండి" అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఎంతమందో మీకు తెలుసా అన్నారు. తెలుసండి, బిందె దగ్గర నేనే నిలబడ్డాను అన్నాను.

తర్వాతి వారం ప్లాంటులో డాక్టర్లు కూర్చున్నారు. రిపోర్టు ఎవరిది వాళ్ళ చేతికే ఇవ్వాలి, ఆఫీసుకి ఇవ్వకూడదని మేం పెట్టిన షరతుకి ఓనరు గారు ఒప్పుకున్నారు. డైరెక్టరు గారూ, కంప్యూటర్ ఆయనా, నేనూ వెళ్ళాం. వరస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. అందులో ఎక్కడో ఆ నలుగురున్నారు. లోపల ఒక లేడీ డాక్టరు ఒక్కొక్కరి వీపు మీదా స్టెతస్కోపు పెట్టి, "గట్టిగా ఊపిరి తీసుకో అమ్మా" అంటోంది. వచ్చిన ప్రతి మనిషికీ అదే మాట చెబుతోంది.